మూడు ఇరవైలు

తొలి రెండు సెకన్లకు సరిపడా శక్తి సరుకే కండలో సిద్ధంగా ఉంటుంది. ఆమె కుడికాలు మొదటి మెట్టు మీద మోపి, ఎడమకాలు రెండో మెట్టుకు అందించి, మూడోదాని మీదికి ఒళ్లు లేపేసరికి అది కాస్తా ఖర్చయిపోతుంది. కండ బెదరదు. పక్కనే దాచుకున్న క్రియేటిన్ ఫాస్ఫేట్‌ను విరిచి వాడుకుంటుంది. అదీ అడుగంటుతుండగా గ్లైకోజెన్‌ను తవ్వి తీస్తుంది. వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి బాల్కనీలోకి నడిచే నడకల్లో ఏనాడూ పిలుపందని బలమైన కండపోగులు, ఎన్నేళ్లుగానో పని లేక పడి ఉన్నవి, ఒక్కసారిగా లేచి భుజం పడతాయి. పనిచేసే కాళ్ల వైపు రక్తనాళాలు వెడల్పవుతాయి, పని లేని కడుపు వైపు బిగుసుకుంటాయి. కూర్చుని ఉన్నప్పుడు నిమిషానికి సుమారు 5 లీటర్ల నెత్తురు తాపీగా తోసే గుండె ఇక ఆగి ఆలోచించదు, జోరందుకుంటుంది. పన్నెండో సెకనుకు తొడల్లో మంట. పదిహేనుకు నోరు తెరుచుకుంటుంది. ఇరవైకి ఆమె ఆగుతుంది. రెయిలింగ్ పట్టుకుని, నడుం మీద చెయ్యి వేసుకుని, రొప్పుతుంది.

ఆ రొప్పుకు దండం పెట్టాలనిపిస్తుంది.

లావుగా ఉన్న ఆడమనిషి ఆయాసం అంటే మనకు జాలో నవ్వో తప్ప మూడోది తెలీదు. పెళ్లింట్లో మేడమీది భోజనాలకు ఎక్కివచ్చి కుర్చీలో కూలబడితే, మంచినీళ్ల గ్లాసు అందిస్తూనే "కాస్త ఒళ్లు తగ్గించుకోవే అమ్మాయ్" అని ఓ పెద్దావిడ అననే అంటుంది. అదే ఆయాసం వంద మీటర్ల పరుగు ముగించిన అథ్లెట్‌ది అయితే టీవీ ముందు లేచి నిలబడి చప్పట్లు కొడతాం. ఊపిరితిత్తులు అవే. గుండె అదే. పక్కటెముకల మధ్య కండలు అవే. ఒకరి ఆయాసం ఊరేగుతుంది, ఇంకొకరిది మెట్ల మలుపులో మొహం చాటేస్తుంది. అలా మొహం చాటేసిన ఆయాసాన్ని నలుగురిలోకి పిలిచి, పీట వేసి కూర్చోబెట్టి, దాని గొప్పలు చెప్పాలని నా సరదా.

కెనడాలో, ఒంటారియో సరస్సు ఒడ్డున హామిల్టన్ అని ఉక్కు కర్మాగారాల ఊరు ఒకటుంది. ఊరిని పైకీ కిందికీ విడదీస్తూ నయాగరా ఎస్కార్ప్‌మెంట్ అనే నిట్టనిలువు రాతికట్ట సాగిపోతుంది. అక్కడివాళ్లు దాన్ని ముద్దుగా కొండ అనేస్తారు. కింది ఊరి నుంచి పై ఊరికి పోవడానికి ఆ కట్ట పొడుగునా అక్కడక్కడా ఇనుప మెట్లదారులున్నాయి. మెట్లెక్కడం ఒంట్లో ఏం చేస్తుందో తేల్చిన పరిశోధన అలాంటి ఊళ్లోనే జరగడం నాకు భలే నచ్చుతుంది. ఆ ఊరి మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో మార్టిన్ గిబాలా అనే శరీరధర్మ శాస్త్రజ్ఞుడి ప్రయోగశాల ఉంది. 2005లో అక్కడి నుంచి కిర్‌స్టెన్ బర్గోమాస్టర్ పేరు ముందుగా ఉన్న ఒక పత్రం వచ్చింది. ఎనిమిది మంది చురుకైన యువతీయువకులు. రెండు వారాల్లో ఆరు పూటలు. పూటకు నాలుగు నుంచి ఏడుసార్లు, 30 సెకన్ల చొప్పున, ప్రాణం పెట్టి సైకిల్ తొక్కడం. మధ్యలో నాలుగేసి నిమిషాల తెరిపి. అంతకు ముందు ఒక స్థాయి కష్టంలో సుమారు 26 నిమిషాలకే కాళ్లు వదిలేసినవాళ్లు, రెండు వారాల తర్వాత అదే కష్టంలో 51 నిమిషాలు తొక్కారు. అన్ని పూటల కష్టమూ కలిపి లెక్కేస్తే పదిహేను నిమిషాలకు అటూ ఇటూ. ఓపిక అనేది గంటలు గంటలు పోస్తేనే పెరుగుతుందని అంతవరకూ పుస్తకాలన్నీ చెబుతూ వచ్చాయి. పావుగంట ఆ పుస్తకాలను తిరగరాయించింది.

అయితే అవి చురుకైన కుర్రకాళ్లు. సైకిల్ మీద అర నిమిషం ప్రాణం పెట్టమంటే పెట్టగల కాళ్లు. ఒళ్లు చేసిన, ఏళ్లుగా కూర్చునే పని చేస్తున్న ఆడవాళ్ల సంగతి? జెన్నా గిలెన్ అనే యువ పరిశోధకురాలు ఆ ప్రశ్న భుజాన వేసుకుంది. 2013లో అచ్చయిన ఆమె అధ్యయనంలో అందరూ బరువు ఎక్కువున్న మహిళలే, 16 మంది. పద్ధతి కొంచెం మెత్తన చేశారు. ఒక నిమిషం గట్టిగా, అంటే గుండె తన గరిష్ఠ వేగంలో 90 శాతం చేరేంతగా తొక్కడం, ఒక నిమిషం నెమ్మదించడం, ఇలా పదిసార్లు. వారానికి మూడు రోజులు, ఆరు వారాలు. సగం మంది పరగడుపున, సగం మంది తిని వచ్చి. పరగడుపున చేస్తే కొవ్వు ఎక్కువ కరుగుతుందని మన ఇళ్లలోనూ ఒక నమ్మకం ఉంది కదా, అది అక్కడా ఉంది. తీరా చూస్తే తిన్నవాళ్లకూ తిననివాళ్లకూ ఫలితం ఒక్కటే. పొట్ట మీదా కాళ్ల మీదా కొవ్వు కాస్త తగ్గింది. కాళ్లలో కండ పెరిగింది. ఆ కండలోంచి సూదితో చిన్న ముక్క తీసి చూస్తే, ఆక్సిజన్‌తో ఇంధనం మండించే ఎంజైముల జోరు పెరిగింది. ఇడ్లీ తిని చేసినా సరేనన్నమాట. ఆకలితో కళ్లు తిరిగే వ్యాయామాల నుంచి ఎందరు ఇల్లాళ్లను ఈ ఒక్క ఫలితం కాపాడగలదో!

మరుసటి ఏడాది గిలెన్ బృందమే ఇంకా బిగించి చూసింది. రెండు నిమిషాలు తేలిగ్గా తొక్కు. ఇరవై సెకన్లు ఉన్నదంతా పెట్టు. రెండు నిమిషాలు తెరిపి. మళ్లీ ఇరవై. మళ్లీ తెరిపి. మళ్లీ ఇరవై. మూడు నిమిషాలు నెమ్మదిగా కాళ్లాడించి దిగిపో. మొత్తం 10 నిమిషాలు, అందులో గట్టి కష్టం ఒక్క నిమిషం. వారానికి మూడు పూటలంటే, వారం మొత్తం మీద చెమటోడ్చేది మూడంటే మూడు నిమిషాలు. బరువు ఎక్కువున్న ఏడుగురు ఆడవాళ్లు, ఏడుగురు మగవాళ్లు ఆరు వారాలు అలా చేస్తే, ఒంటికి ఆక్సిజన్ వాడుకునే గరిష్ఠ సామర్థ్యం 12 శాతం పెరిగింది. ఈ అంకె దగ్గర ఆగిపోతుంటాను నేను. వారానికి పదివేల ఎనభై నిమిషాలు. అందులో మూడు. ఆ మూడింటినీ ఒళ్లు ఇంత శ్రద్ధగా చదువుకుంటుందా? ఇన్నాళ్లూ సోమరిది, మొండిది అని మనం తిట్టుకుంటూ వచ్చిన ఒళ్లేనా ఇది?

ఆ అధ్యయనంలోనే ఇంకో మాటా ఉంది, దాన్ని దాచిపెట్టి పొగిడితే పొగడ్తకు విలువుండదు. రోజంతటి రక్తంలో చక్కెర సగటు మగవాళ్లలో తగ్గింది, ఆడవాళ్లలో తగ్గలేదు. ఆడ ఒళ్లు తన లెక్కలు తాను వేసుకుంటుంది. మగవాళ్ల మీద చేసిన ప్రయోగం తెచ్చి ఆడవాళ్లకు అతికిస్తే కుదరదని అది నిక్కచ్చిగా చెప్పింది. ఆ పట్టుదల కూడా నాకు ముద్దుగానే ఉంది.

తర్వాత 2017లో సైకిల్ కూడా తీసేశారు. వ్యాయామం అలవాటు లేని ఆరోగ్యవంతులైన 31 మంది మహిళలను మెట్ల ముందు నిలబెట్టారు. ఒక పద్ధతిలో ఇరవై సెకన్లు ఆగకుండా పైపైకి ఎక్కడం, మూడుసార్లు. ఇంకో పద్ధతిలో ఒకే అంతస్తు మెట్లు నిమిషం పాటు ఎక్కుతూ దిగుతూ ఉండడం, అదీ మూడుసార్లే. రెండు పద్ధతుల్లోనూ పూటకు పట్టింది పది నిమిషాలు, రెండింటిలోనూ గుండె ఊపిరితిత్తుల సత్తా పెరిగింది. జిమ్ము లేదు, నెల ఫీజు లేదు, అద్దాల గోడ ముందు నలుగురి చూపుల మధ్య నిలబడాల్సిన పని లేదు. మెట్లు చాలు. ఈ దేశంలో మెట్లు లేని ఊరెక్కడుంది?

ఇంతకీ ఆ ఇరవై సెకన్లలో ఏం జరుగుతుందని ఆరు వారాల మార్పు వస్తుంది? కండలో సరుకు ఒక్కసారిగా హరించుకుపోతుంది చూడండి, అదే కబురు. ఏఎమ్‌పీకే అనే కాపలాదారు ప్రొటీన్ ఆ కరువును పసిగడుతుంది. పీజీసీ-1 ఆల్ఫా అనే ఇంకో ప్రొటీన్ కణకేంద్రంలో జన్యువులను తట్టి లేపుతుంది. కొత్త మైటోకాండ్రియాకు కావలసిన సామగ్రి తయారుచేయమని ఉత్తర్వు వెళ్తుంది. ఆమె మెట్లు దిగి, బట్టలు మార్చుకుని, పోపు పెట్టుకుంటున్నప్పుడు కూడా ఆ పని సాగుతూనే ఉంటుంది. రాత్రి ఆమె నిద్రపోయాకా సాగుతుంది. ఇరవై సెకన్లలో మోగింది పిలుపు మాత్రమే, కట్టుబడి జరిగేది ఆ తర్వాతి గంటల్లో.

మైటోకాండ్రియా గురించి ఒక ముచ్చట చెప్పకుండా ముందుకు పోలేను. వాటికి సొంత డీఎన్‌ఏ ఉంది, 37 జన్యువులతో. అది తండ్రి నుంచి రాదు, తల్లి నుంచే వస్తుంది. ఆమె తొడకండలో ఇప్పుడు మరింత చురుగ్గా మండుతున్న ప్రతి చిన్న పొయ్యీ అమ్మ ఇచ్చింది. అమ్మకు అమ్మమ్మ ఇచ్చింది. అమ్మమ్మకు, పేరు కూడా మనం మరిచిపోయిన ఆవిడ తల్లి ఇచ్చింది. పుట్టింటి సొమ్ము. కాసులపేరు కుదువపెట్టుకోవచ్చు, పొలం అమ్ముకోవచ్చు, ఈ సొమ్మును మాత్రం ఎవరూ తీసుకోలేరు, అత్తింటి వైపు నుంచి ఎవరూ పంచుకోనూ లేరు. ఏళ్ల తరబడి పెట్టె అడుగున పడి ఉన్న ఆ సొమ్మును తీసి ఒంటి మీద వేసుకోవడానికి మెట్ల దగ్గర ఇరవై సెకన్లు చాలు. బావుల్లోంచి నీళ్లు తోడి, రోకళ్లు ఎత్తి దంచి, కావిళ్లూ మోపులూ మోసిన ఎన్ని తరాల ఆడవాళ్ల ఊపిరి అందులో ఉందో! అంతమంది ఆమెతో పాటు ఆ మెట్లెక్కుతున్నారు.

ఇక బరువు సంగతి. ఆడవాళ్ల బరువును ఎప్పుడూ అప్పుపద్దులోనే రాసే ఈ లోకంలో, దాన్ని జమలో రాసే లెక్క ఒకటుంది. అది హైస్కూలు భౌతికశాస్త్రం పుస్తకంలోనే ఉంది. 80 కిలోల మనిషి ఒక అంతస్తు, అంటే సుమారు 3 మీటర్ల ఎత్తు, పది సెకన్లలో ఎక్కిందనుకోండి. ఆమె కాళ్లు పుట్టించిన సామర్థ్యం 235 వాట్లు. 55 కిలోల పక్కింటి పిల్ల అదే పది సెకన్లలో ఎక్కితే 162 వాట్లు. అశ్వసామర్థ్యం లెక్కలో చూస్తే బరువైన ఆవిడ మూడో వంతుకు దగ్గర పడింది. ఇద్దరూ ఒకేసారి పైకి చేరారు, కానీ గుర్రం మొదటి ఆవిడలోనే ఎక్కువ పరుగెత్తింది. జిమ్ముల్లో జనం డబ్బిచ్చి ఎత్తే బరువులను ఆమె పొద్దున్న లేచింది మొదలు ఎత్తుకునే తిరుగుతోంది. ఆ తొడలు, ఆ పిక్కలు అంత భారాన్ని మోయడానికి అలవాటుపడ్డవి. సన్నగా ఉన్నవాళ్ల కాళ్లకంటే చాలాసార్లు ఆ కాళ్లకే మొత్తం బలం ఎక్కువ. ఎవరూ ఆమెకు ఈ సంగతి చెప్పలేదు. బరువు తూచే మిషన్ చెప్పదు. దానికి ఒకే ఒక్క ప్రశ్న తెలుసు, ఒకే ఒక్క జవాబు తెలుసు.

అందుకే ఈ వ్యాయామం గురించి గొప్పగా చెప్పేటప్పుడు కిలోల పేరెత్తడం నాకు ఇష్టముండదు. సిడ్నీలో 2008లో యువతుల మీద చేసిన ఒక ప్రయోగంలో ఎనిమిది సెకన్లు జోరుగా, పన్నెండు సెకన్లు నెమ్మదిగా ఇరవై నిమిషాలు తొక్కినవాళ్లకు పదిహేను వారాల్లో కొవ్వు తగ్గింది, ఒకే తీరున తొక్కినవాళ్లకు తగ్గలేదు. అప్పట్లో పత్రికలన్నీ పండగ చేసుకున్నాయి. తర్వాత చాలా అధ్యయనాలు కలిపి చూసిన లెక్కల్లో, కొవ్వు తగ్గించడంలో రెండు దారులకూ పెద్ద తేడా కనిపించలేదు. పోనీయండి. ఆరు వారాల తర్వాత మిషన్ ముల్లు ఎక్కడున్నది అక్కడే ఉండొచ్చు. కానీ మార్కెట్ నుంచి రెండు సంచులతో మూడో అంతస్తు ఎక్కి, తాళం తీసి, సంచులు కింద పెట్టకుండానే ఫోనెత్తి మాట్లాడగలిగితే ఆ మార్పును ఏ ముల్లు చూపిస్తుంది? డాలస్‌లోని కూపర్ ఇన్‌స్టిట్యూట్‌లో స్టీవెన్ బ్లెయిర్ 1989లో పదమూడు వేల మందికి పైగా ఆడవాళ్లనూ మగవాళ్లనూ ట్రెడ్‌మిల్ మీద నడిపించి సేకరించిన వివరాలు అచ్చువేశాడు. ఆ ట్రెడ్‌మిల్ మీద బాగా నిలబడినవాళ్లు ఎక్కువకాలం బతికారు. ఆ తర్వాత ఆయన జీవితమంతా చెబుతూ వచ్చింది ఒకటే: లావుగా ఉండి దారుఢ్యం ఉన్న మనిషికి, సన్నగా ఉండి దారుఢ్యం లేని మనిషికంటే మేలు జరుగుతుంది. బ్లెయిర్ తనే పొట్టిగా, లావుగా, బట్టతలతో ఉండేవాడు, దశాబ్దాల తరబడి రోజూ పరుగెత్తేవాడు. తన సిద్ధాంతానికి తనే నిలువెత్తు సాక్ష్యం.

మన లెక్కలు చూస్తే ఈ మాట ఎంత అక్కరకొచ్చేదో తెలుస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో బరువు ఎక్కువున్నవాళ్లు దేశం మొత్తం మీద 24 శాతం, తెలంగాణలో 30.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం. భారతీయ మహిళల్లో 57 శాతం మంది ఒంటికి కావలసినంత కదలిక లేకుండా ఉన్నారని 2022 నాటి అంచనా. ఇది చదివి వేలు చూపించేవాళ్లు చాలామంది ఉంటారు. నేను వాళ్లలో లేను. తెల్లవారుజామున పాల ప్యాకెట్‌తో మొదలై రాత్రి గ్యాస్ స్టవ్ తుడవడంతో ముగిసే రోజులో, నలభై ఐదు నిమిషాల వాకింగ్ ఎక్కడ ఇరికించాలో చెప్పకుండా "వాకింగ్ చేయండమ్మా" అనడం తేలిక. వాకింగ్ మంచిదే. కానీ పార్కుకు ఒక వేళ కావాలి, వెలుతురు కావాలి, తోడు కావాలి, ఇంట్లోవాళ్ల ఒప్పుదల కావాలి. పది నిమిషాలకు ఇవేవీ అక్కర్లేదు. కుక్కరు మూడో విజిల్ వేసేలోపు మెట్ల దగ్గరికి పోయి రావచ్చు. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పాత నియమం ఒకటి తీసేసింది: ఒక విడత కనీసం పది నిమిషాలుంటేనే వ్యాయామం కింద లెక్క అన్నది. ఇప్పుడు చిన్న ముక్కలకూ లెక్కలో చోటుంది. బ్రిటన్‌లో వేలమంది చేతులకు కదలికలు కొలిచే పట్టీలు కట్టి చేసిన పరిశీలన ఒకటి 2024లో వచ్చింది. విడిగా వ్యాయామం చేసే అలవాటు లేని మహిళల్లో, ఇంటాబయటా పనుల్లోనే రోజుకు సగటున 3.4 నిమిషాలు ఒగర్చేంత జోరుగా కదిలినవాళ్లకు గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద ప్రమాదాలు 45 శాతం తక్కువగా కనిపించాయి. మగవాళ్లలో అంత స్పష్టంగా కనిపించలేదు. ఇది పరిశీలనే, ప్రయోగం కాదు. ఒకదాని వల్లే ఇంకొకటి జరిగిందని దీన్ని పట్టుకుని ప్రమాణం చేయలేం. అయినా మూడు నిమిషాల చిల్లర! బస్సు కోసం పరుగు, నీళ్ల బిందెతో మేడ, మనవడి వెనక నాలుగు అంగలు.

ఈ జోరు-తెరిపి విద్య పుట్టింది మాత్రం మగవాళ్ల పరుగుపందేల్లో. జర్మనీలో గెర్ష్‌లర్ అనే కోచ్, రైండెల్ అనే గుండె వైద్యుడు కలిసి జోరూ తెరిపీ వంతులవారీగా పెట్టి శిక్షణ ఇవ్వడాన్ని ఒక శాస్త్రంగా మలిచారు. గెర్ష్‌లర్ దగ్గర తయారైన హార్బిగ్ 1939లో మిలాన్‌లో 800 మీటర్లు 1 నిమిషం 46.6 సెకన్లలో పరుగెత్తితే, ఆ రికార్డు 1955 దాకా చెక్కుచెదరలేదు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో 5,000, 10,000 మీటర్లు, మారథాన్ మూడూ గెలిచిన ఎమిల్ జాటొపెక్ తయారైందీ 400 మీటర్ల జోరు పరుగులతోనే. 1996లో జపాన్‌లో ఇజుమి టబాటా ఇరవై సెకన్ల జోరు, పది సెకన్ల తెరిపి పద్ధతిని కొలిచి చూపించాడు, అదీ స్కేటింగ్ ఆటగాళ్ల శిక్షణలోంచి వచ్చిందే. ఛాంపియన్ల ఇంటి గుట్టు అది. అక్కడి నుంచి నడిచి నడిచి, నైటీ మీద చున్నీ వేసుకుని అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర నిలబడ్డ నలభై ఏళ్ల ఆవిడ దాకా వచ్చింది. జాటొపెక్ గుండెకూ ఆమె గుండెకూ ఒకటే వ్యాకరణం. కష్టం అడిగితే జవాబు చెబుతుంది.

నిజానికి ఆమెకు ఇది కొత్త కూడా కాదు. ఎనిమిదేళ్ల వయసులో ఒప్పులకుప్ప తిరిగింది. ఎదురెదురుగా నిలబడి, చేతులు పెనవేసుకుని, పాదాలు దగ్గరగా పెట్టి, వెనక్కి వాలి, లోకం గీతలు గీతలయ్యేదాకా గిర్రున తిరిగి, ఇక చాలని దబ్బున కూలబడి, పగలబడి నవ్వి, మళ్లీ లేచి చేతులు పట్టుకున్న పిల్ల. చెడుగుడులో ఒక్క ఊపిరి బిగబట్టి అవతలి బరిలోకి దూసుకెళ్లి, ముట్టుకుని, గీత తాకి, రొప్పుతూ నిలబడ్డ పిల్ల. తొక్కుడుబిళ్లలో ఒంటికాలి మీద ఎగిరిన పిల్ల. జోరు, తెరిపి, జోరు, తెరిపి. ఎవరూ సెకన్లు లెక్కపెట్టలేదు, ఎవరూ గ్రాఫు గీయలేదు. ఒకరోజు "పెద్దమనిషివయ్యావు, ఇక గెంతులేమిటి" అన్నారు. అంతే, ఆ జోరు అక్కడ ఆగింది. ఇరవై, ముప్పై ఏళ్లు ఆగింది. ఆగిన జోరును ఒళ్లు మరిచిపోలేదన్నదే నన్ను ఆశ్చర్యంలో ముంచేది. రెండో వారం మెట్ల దగ్గర, పదిహేడో సెకనులో, ఆమె మొహంలో ఒక్క క్షణం ఆ ఒప్పులకుప్ప పిల్ల కనిపించి పోతుంది. అది చూసినవాళ్లకు తెలుసు.

జోరు ఆగకపోతే ఏమవుతుందో కూడా మనవాళ్లకు తెలుసు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట పిల్ల కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్ వేదిక మీద స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్‌లో 130 కిలోలు, మొత్తం 240 కిలోలెత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ. ఒక్కో ఎత్తు పట్టేది సెకన్లలోనే. దేశానికి ఆడవాళ్ల తరఫున తొలి ఒలింపిక్ పతకం సన్నని నడుముల వల్ల రాలేదు, దిట్టమైన తొడల వల్ల వచ్చింది. మన ఇళ్లలో ఈ సంగతి ఎంత గట్టిగా చెప్పుకోవాలో అంత గట్టిగా చెప్పుకోలేదని నా ఫిర్యాదు.

పొగడ్తలో పడి జాగ్రత్త మరవకూడదు, కనుక గబగబా చెప్పేస్తాను. గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, నడిస్తే ఛాతీలో నొప్పి, కడుపుతో ఉండడం, షుగరుకు ఇన్సులిన్, ఇలాంటివి ఏవైనా ఉంటే ముందు డాక్టరు. మెట్లెక్కేటప్పుడు మోకాలి మీద ఒంటి బరువుకు సుమారు మూడింతల భారం పడుతుంది, దిగేటప్పుడు అంతకంటే కాస్త ఎక్కువ. అందుకే జోరంతా ఎక్కడంలోనే, దిగడం రెయిలింగ్ పట్టుకుని నింపాదిగా. మోకాళ్లు మొరాయిస్తే నిలబెట్టిన సైకిల్ ఉంది, నడుం లోతు నీళ్లున్నాయి. చీర కుచ్చిళ్లు ఎగదోపుకోవాలి, తడి మెట్ల మీద వద్దు, చెప్పులు జారేవి అసలొద్దు. మొదటి రెండు వారాలు "ఉన్నదంతా" పెట్టక్కర్లేదు, మామూలుకంటే వడిగా ఎక్కితే చాలు. ఎంత జోరు సరైన జోరంటే, మధ్యలో ఎవరైనా పలకరిస్తే రెండు మాటలకు మించి జవాబు రాకూడదు. ఆ పలకరింపు ఎలాగూ వస్తుంది.

"ఏంటి వదినా, లిఫ్ట్ పాడైందా?"

"లేదు... బాగుంది..."

"మరి?"

చేత్తో ఆగమని సైగ. తెరిపి నడుస్తోంది. మనిషిలో అతి అందమైన పని ఈ తెరిపిలోనే జరుగుతుందని నాకనిపిస్తుంది. భుజాలు ఎగిసిపడుతూ ఉంటాయి, మెడ మీద చెమట మెరుస్తూ ఉంటుంది, చెవుల్లో తన నెత్తురు తనకే వినిపిస్తూ ఉంటుంది. ఒక్కో శ్వాసకూ గుండె ఒక్కో మెట్టు దిగుతుంది. వారాలు గడిచేకొద్దీ అది త్వరగా దిగడం నేర్చుకుంటుంది. ఎక్కడం ఎంత విద్యో దిగి కుదురుకోవడం అంత విద్య. గుండెకు ఆ రెండో విద్య పట్టుబడిందా లేదా అన్నది డాక్టర్లు కూడా శ్రద్ధగా చూస్తారు.

మెట్లే కావాలని ఏమీ లేదు. చెన్నైలో మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్లు కౌమారంలోని ఆడపిల్లల కోసం ఈ జోరు-తెరిపి పద్ధతిని నాట్యంలో పెట్టి, దానికి తాండవ్ అని పేరు పెట్టారు. పిల్లలు ఒక్కచోట చేరి, పాట పెట్టుకుని, కొద్ది నిమిషాలు ఆడేసి పోతారు. ఆ పేరు చూసి నాకు కోలాటం గుర్తొచ్చింది. తిరుమల బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందు మాడవీధుల్లో ఆడే మన ఊళ్ల ఆడవాళ్ల జట్లను చూసి ఉంటారు. ఒకే రంగు చీరలు, కొప్పుల నిండా పూలు, కనకాంబరాల మీద చెమట. ఇరవై ఏళ్లవాళ్లుంటారు, అరవై ఏళ్లవాళ్లుంటారు. బక్కపలచనివాళ్లూ, భారీగా ఉన్నవాళ్లూ ఒకే వరసలో ఉంటారు. అక్కడ ఎవరి బరువూ ఎవరూ తూచరు, కర్ర తాళానికి పడిందా లేదా అన్నదే లెక్క. పాట నెమ్మదిగా ఎత్తుకుంటారు. కోపు మీద కోపు మారుతూ నడక ముదురుతుంది. గురువు తాళం రెట్టిస్తాడు. కర్రలు టకటకలాడిపోతాయి, గాజులు తాళం తప్పవు, ముందు వరసలో అందరికంటే బొద్దుగా ఉన్న ఆవిడే అందరికంటే తేలిగ్గా గిర్రున తిరుగుతుంది. ఉన్నట్టుండి తాళం తెగుతుంది. అందరూ ఆగి, నడుముల మీద చేతులు వేసుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుతూ రొప్పుతారు. మంచినీళ్ల సీసా వరస చివరి దాకా వెళ్లి వస్తుంది. వాహనం నాలుగడుగులు ముందుకు జరుగుతుంది. "ఊఁ, అమ్మా, ఇంకోటి ఎత్తుకోండి" అంటాడు గురువు. ఆ బొద్దుగా ఉన్నావిడ కొంగు బిగించి, కర్రలు ఎత్తుతుంది.